డబ్బున్న ముద్దాయికి వకీలు

తిరుపతి

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం అందింది. అమ్మాయికి పేరున్న క్రిమినల్ లాయరు దగ్గర జూనియర్‌గా చోటు దొరికితే సంతోషించాల్సింది పోయి, "డబ్బున్న దొంగల్ని కాపాడే చోటికి పంపాలా?" అని రాశావు. ఆ మాట వకీలునైన నాకు గట్టిగానే తగిలింది.

నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం కలవాడికీ లేనివాడికీ ఒకేలా ఇచ్చింది. ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ వకాల్తా వేయకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో తేల్చేసింది. ఈ రోజు ధనవంతుడికి వకీలు వద్దంటే, రేపు ఊరు కక్షగట్టిన కూలివాడికీ దొరకడు.

అయినా నీ కోపం ఊరికే రాలేదు. మన ఎర్రచందనం కేసులే చూడు. శేషాచలంలో చెట్టు నరికి పట్టుబడేవాళ్లలో ఎక్కువమంది తమిళనాడు కొండ ఊళ్ల కూలీలే. దుంగలు కొనేవాడు సులభంగా దొరకడు, దొరికినా వెంట పెద్ద లాయరు ఉంటాడు. మొన్న కోర్టు వరండాలో ఒక కూలీ భార్య కనిపించింది. చంకలో బిడ్డ, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడిన కాగితాలు. బంట్రోతు నోరు తెరిచినప్పుడల్లా లేచి నిలబడుతోంది, భర్త పేరేమోనని. చివరికి పిలిచారు. అదే కేసులో మొదటి ముద్దాయి, డబ్బున్నవాడు; అతని లాయరుకు వేరే కోర్టులో పని ఉందని జూనియర్ చెప్పాడు, వాయిదా పడింది. లాయరుకు మరో కోర్టులో పని ఉండటం వాయిదాకు కారణం కాదని చట్టంలోనే ఉంది! డబ్బున్నవాడు బెయిలు మీద ఇంట్లో ఉంటాడు, ఆ వాయిదా అతనికి లాభం. జైల్లో ఉన్న కూలీకి అదే శిక్ష. మన దేశపు ఖైదీల్లో నూటికి డెబ్బై మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లే.

నా దృష్టిలో తప్పు కేసు పట్టడంలో లేదు, గెలవడానికి ఏం చేస్తామన్నదాంట్లో ఉంది. 1999లో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కారు ఆరుగురి ప్రాణాలు తీసింది. ఆ కేసులో ముద్దాయి తరఫు సీనియర్ న్యాయవాది ఆర్.కె. ఆనంద్ సాక్షిని తిప్పుకోవాలని చూశాడని హైకోర్టు 2008లో కోర్టు ధిక్కారం కింద దోషిగా తేల్చింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టూ సమర్థించింది. ధనవంతుడి పక్షాన వాదించినందుకు ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. సాక్షి జోలికి వెళ్లినందుకే ఆ మచ్చ. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షిని ఎంత నిలదీసినా అది మా పనే. కోర్టు బయట అతని గడప తొక్కితే ఇక మేం వకీళ్లమే కాదు.

కాబట్టి అమ్మాయిని ఆపకు. చేరేముందు ఆ సీనియర్‌ను రెండు సంగతులు అడగమను: సాక్షుల దగ్గరికి తనను ఎప్పుడైనా పంపుతారా, న్యాయసేవాధికార సంస్థ అప్పగించే పేదల కేసులు చేసుకోనిస్తారా. మొదటిదానికి నీళ్లు నమిలితే నేరుగా నా దగ్గరికి పంపించు. నా ఆఫీసు చిన్నదే, కానీ ఎర్రచందనం కూలీల బెయిలు పిటిషన్లు చాలా ఉన్నాయి, తమిళం చదవగలిగిన మనిషి నాకు వెంటనే కావాలి.

నీ
సుధాకర్