తలకు తగిలిన దెబ్బ దాచకు, బుజ్జమ్మా

కావలి,
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

ఫోన్‌లో ఈ మాట ఎత్తితే నువ్వు "సరేలేమ్మా" అని పెట్టేస్తావు, నాకేమో గొంతు పూడుకుపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు.

నీ స్నేహితురాలు పంపిన వీడియో పొద్దుటినుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మీ రగ్బీ సెమీఫైనల్, రెండో హాఫ్. ఆ పొడుగుపిల్ల బంతి చంకన పెట్టుకుని గీత వెంబడి పరిగెత్తుతుంటే నువ్వు అడ్డం పడ్డావు. ఆ పిల్ల మోకాలు నీ కణతకు తగిలింది. లేచావు. లేచి అవతలి జట్టు వరసలోకి వెళ్లి నిలబడ్డావు. ఎవరో నీ భుజం పట్టుకుని ఇటు తిప్పారు. అప్పటికీ నువ్వు బయటికి రాలేదు, మ్యాచ్ అయ్యేదాకా ఆడావు. ఆ రాత్రి నాతో "గెలిచామమ్మా, ఒళ్లు నొప్పులు, పడుకుంటా" అన్నావు. మర్నాడు పొద్దున రెండుసార్లు వాంతి అయిందట. అది నాకు ఇరవై రోజుల తర్వాత, నీ నోటితో కాకుండా తెలిసింది.

పద్దెనిమిదేళ్లుగా నేను నెల్లూరులో తల దెబ్బల వార్డులో నర్సుని. హైవే మీద బండి మీంచి పడ్డ పిల్లలను అర్ధరాత్రి తెస్తారు. టార్చి వేసి కంటిపాపలు చూస్తాను. పేరు అడుగుతాను, ఈరోజు ఏ వారమో అడుగుతాను. ఊరందరి పిల్లలనూ అడిగే ఆ నాలుగు ప్రశ్నలు నా బిడ్డను అడిగే వీలు లేకుండా పోయింది.

ఆట మానమని రాయడం లేదు, భయపడకు. హైస్కూల్లో కబడ్డీ కూతకు వెళ్లి వస్తుంటే నిన్ను చూసి మొదట చప్పట్లు కొట్టిందాన్ని నేనే. ఎందుకు దాచావో కూడా నాకు తెలుసు. ఇండియా క్యాంపు లిస్టులో పేరు పోతుందని.

నీ దారి ఎంత ఇరుకో ఈ వారం నైట్ డ్యూటీల్లో కూర్చుని చదివాను. రగ్బీ యూనియన్‌లో డబ్బు తీసుకుని ఆడొచ్చని తేల్చిందే 1995 ఆగస్టులో. అది మగవాళ్లకు పనికొచ్చింది. ఇంగ్లండ్ తన ఆడపిల్లల పదిహేనుమంది ఆట జట్టుకు పూర్తికాలం జీతాలిచ్చి కాంట్రాక్టులు రాసింది 2019లో, అదీ 28 మందికి. కెనడా అమ్మాయిలైతే ప్రపంచకప్పు సన్నాహాలకు జనాన్ని విరాళాలు అడిగి ఫైనల్ దాకా వచ్చారు. 2025 సెప్టెంబరు 27న లండన్‌లో ఆ ఫైనల్ చూడటానికి 81,885 మంది వచ్చారు. ఇంగ్లండ్ 33-13తో గెలిచింది. ఆ స్టేడియం ఫోటో చూసినప్పుడు నీ కళ్లల్లో ఏముంటుందో నాకు అర్థమైంది. మన దేశంలో 2025 జూన్‌లో ముంబైలో లీగ్ మొదలుపెట్టారు, హైదరాబాద్ పేరుతో ఒక జట్టు కూడా ఉంది. కానీ ఆ మొదటి సీజన్ మగ జట్లతోనే జరిగింది. నీలాంటి పిల్లకు మిగిలేది రాష్ట్ర జట్టు, నేషనల్స్, ఇండియా క్యాంపు. అక్కడ బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. కేంద్ర ఉద్యోగాల కోటా జాబితాలో రగ్బీని 2020లో చేర్చారని చదివి మీ నాయనకు కూడా చూపించాను. ఒలింపిక్స్‌లో ఉండేది పదిహేనుమంది రగ్బీ కాదు, ఏడుగురి రగ్బీ. దానికి వెళ్లే జట్టులో 12 మందే ఉంటారు. ఇన్ని వడపోతలుంటే ప్రతి క్యాంపూ బతుకంతా అదే అన్నట్టు కనిపిస్తుంది. అందుకే దాచావు.

మీ నాయన సంగతి చెబుతాను. నీకు ఏడేళ్లప్పుడు మన రొయ్యల చెరువులో తెల్లమచ్చ రోగం కనిపించింది. బయట తెలిస్తే రేటు పడగొడతారని మూడు రోజులు ఎవరితోనూ అనలేదు. నాతో కూడా. ఆ మొదటి రోజే రొయ్యలు పట్టేసి అమ్మి ఉంటే సగమైనా చేతికొచ్చేది. నాలుగో రోజుకి గట్టున నిలబడితే నీళ్ల మీద తెల్లగా తేలుతున్నాయి. ఆ అప్పు తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. చెరువు పోతే మళ్లీ రొయ్యపిల్ల వేసుకున్నాం. తల అట్లా కాదమ్మా.

2003లో ప్రపంచకప్పు గెలిచిన ఇంగ్లండ్ జట్టులో స్టీవ్ థాంప్సన్ అని, ముందు వరస మధ్యలో ఆడే హుకర్ ఉండేవాడు. 2020లో, 42 ఏళ్ల వయసులో, తనకు డిమెన్షియా, అంటే మతి పోయే జబ్బు, మొదలైందని చెప్పాడు. ఆ కప్పు గెలిచిన సంగతే తనకు గుర్తులేదన్నాడు. ఈ ముక్క చదివి నేను కాసేపు వార్డు బయటికి వెళ్లి నిలబడ్డాను. ఏ రోజు కోసమైతే నువ్వు దెబ్బ దాచుకుంటున్నావో, ఆ రోజే నీకు గుర్తు లేకుండా పోతే?

ఇంకొకటి, ఇది నర్సుగా చెబుతున్నాను. మొదటి దెబ్బ తగ్గకముందే రెండోది తగిలితే, అది చిన్నదైనా మెదడు వాచిపోవచ్చు. చిన్న వయసు వాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. 2011లో ఉత్తర ఐర్లాండ్‌లో ఒక పద్నాలుగేళ్ల పిల్లవాడు స్కూల్ మ్యాచ్‌లో తలకు దెబ్బలు తగిలినా ఆడుతూనే ఉన్నాడు. అతను ఇంటికి రాలేదు. పెద్ద మ్యాచ్‌లలో తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఆటగాణ్ని 12 నిమిషాలు బయట కూర్చోబెట్టి డాక్టర్ పరీక్ష చేస్తారు. ఇప్పుడు పళ్లకు పెట్టుకునే గార్డులోనే దెబ్బ ఎంత జోరుగా తగిలిందో కొలిచే సెన్సర్ ఉంటోంది. మీ టోర్నమెంట్లలో ఆ డాక్టరూ లేడు, ఆ సెన్సరూ లేదు. అక్కడ నీకు దిక్కు నీ నోరే.

ఆ వీడియోలో ఇంకోటి గమనించాను. నువ్వు ఇంకా కబడ్డీ పిల్లలాగే వెళ్తున్నావు. చీలమండ పట్టే యాంకిల్ హోల్డ్‌కు వంగినట్టు తల దించి మోకాళ్ల ముందుకు దూరుతున్నావు. కబడ్డీలో రైడరు నీ ముందు నిలబడి ఉంటుంది, ఇక్కడ ఎదురుగా పరిగెత్తుకొస్తుంది. బంతి తెచ్చేవాళ్లకంటే వాళ్లను పట్టబోయేవాళ్లకే తల దెబ్బలు ఎక్కువట. తల ఆ పిల్ల వెనక వైపుకు ఉండాలి, కళ్లు తెరిచి ఉండాలి, ముందు భుజం తగలాలి. మీ కోచ్ సార్‌ను అడిగి ఇది ఒక్కటే వారం రోజులు చెయ్యి, పరుగెత్తేవాళ్లతో కాదు, ముందు నడిచేవాళ్లతో. అదీ డాక్టర్ సరేనన్నాకే.

సార్‌తో నేను మాట్లాడితే నీకు నామోషీగా ఉంటుంది. అందుకని నువ్వే చెప్పు. వాంతి సంగతి కూడా చెప్పు. ఈ క్యాంపు పోతే పోనీ. దానికి నువ్వు ఏడిస్తే నేను పక్కన కూర్చుంటాను. శుక్రవారం పినాకిని రైల్లో మీ నాయన విజయవాడ వస్తున్నారు. శనివారం పొద్దున్నే నిన్ను తీసుకుని బయల్దేరతారు, మధ్యాహ్నం మా డాక్టరమ్మ చూస్తానన్నారు. అంతవరకూ గ్రౌండ్‌లోకి దిగొద్దు. తలనొప్పి పెరిగినా, మగతగా అనిపించినా, మళ్లీ వాంతి అయినా శనివారం దాకా ఆగకుండా హాస్టల్ వార్డెన్‌ను లేపి ఆసుపత్రికి వెళ్లు. ఎంత రాత్రయినా సరే.

ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. ఆ సెమీఫైనల్లో మొదటి హాఫ్ అయ్యేసరికి స్కోరు ఎంత, చివరిసారి బంతిని గీత అవతల ఆనించి ట్రై ఎవరు చేశారు, నాకు చెప్పు. వీడియో చూడకుండా చెప్పు, బుజ్జమ్మా. గుర్తు లేకపోతే లేదనే చెప్పు.

మీ అమ్మ