మూడు చక్రాల బండికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం పిల్లల పేజీలో సైకిల్ పుట్టుక మీద మీరు వేసిన వ్యాసం చదివాను. 1790లో ఫ్రాన్సులో సివ్రాక్ అనే ప్రభువు మొదటి సైకిల్ చేశాడని రాశారు. అది జరగలేదండీ. 1891లో బోద్రీ ద సోనియే అనే ఫ్రెంచి రచయిత తన పుస్తకంలో రాసిన కథ అది, దానికి ఆధారం ఏదీ దొరకలేదు. పిల్లలు చదివి గుర్తుపెట్టుకునే పేజీ కాబట్టి దయచేసి సవరణ వేయండి.

నిజంగా రెండు చక్రాల బండి ఎక్కి రోడ్డు మీదికి వచ్చినవాడు కార్ల్ ఫాన్ డ్రైస్. 1817 జూన్ 12న, జర్మనీలోని మాన్‌హైమ్‌లో. చెక్క బండి, పెడళ్లు లేవు, చైను లేదు, సీటు మీద కూర్చుని రెండు కాళ్లతో నేలని వెనక్కి తోసుకుంటూ పోవడమే. అలాగే గంట లోపు దాదాపు 13 కిలోమీటర్లు తిరిగొచ్చాడు. ఆ బండిలో అసలు గొప్పతనం ముందు చక్రం తిరగడం. పడబోయే వైపుకే హ్యాండిల్ తిప్పితే బండి నిలబడుతుందని సైకిల్ నేర్చుకున్న ప్రతివాళ్లకీ తెలుసు కదా, అది కుదిరింది అక్కడే. పెడళ్లు 1860ల్లో పారిస్‌లో వచ్చాయి, వెనక చక్రానికి చైను వేసి జనం మెచ్చిన రోవర్ సైకిల్ 1885లో ఇంగ్లండులో వచ్చింది. ఇదంతా మీ వ్యాసంలో ఉంది, బాగానే రాశారు.

నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం మీ వ్యాసంలో లేని పేరు. స్టీఫాన్ ఫార్‌ఫ్లర్. డ్రైస్ కంటే 160 ఏళ్లకు పైగా ముందు, 1655లో, న్యూరెంబర్గ్ దగ్గర ఆల్ట్‌డోర్ఫ్ అనే ఊళ్లో గడియారాలు చేసే కుర్రాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు, నడవలేడు. తన కోసం తనే మూడు చక్రాల బండి చేసుకున్నాడు. కూర్చుని చేతులతో పిడి తిప్పితే, గడియారంలో ఉన్నట్టే పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ముందు చక్రాన్ని తిప్పేవి. ఇంకొకరు తొయ్యక్కర్లేదు, గుర్రం అక్కర్లేదు.

ఇప్పుడు మన ఊళ్లో దివ్యాంగులు నడిపే మూడు చక్రాల బండిని ఒకసారి దగ్గరగా చూడండి. ఛాతీ ఎదురుగా చేతి పెడళ్లు, అక్కడి నుంచి చైను కిందికి దిగి ముందు చక్రాన్ని తిప్పుతుంది (కొన్నిటికి పక్కన ఒకే పిడి ఉంటుంది). పళ్ల చక్రాల బదులు చైను వచ్చింది, అంతే తేడా. మనం సైకిల్ అని మురిసిపోయే దానికి ఇది అన్నగారు. అన్నగారిని వదిలేసి తమ్ముడి చరిత్రే రాసుకుంటున్నాం. ఆ తర్వాత కూడా మూడు చక్రాల బండ్లు ఇచ్చింది తక్కువేమీ కాదు. మలుపులో రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే డిఫరెన్షియల్‌ని జేమ్స్ స్టార్లీ 1877లో పెడల్ ట్రైసైకిల్ కోసమే పేటెంట్ చేశాడు, ఈరోజు బెంజి సర్కిల్ చుట్టూ తిరిగే ఆటోల్లో ఉన్నది ఆ ఏర్పాటే. జనం వాడకంలోకి వచ్చిన గాలి టైరూ అంతే, 1888 ప్రాంతంలో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ తన కొడుకు ట్రైసైకిల్ కోసం చేసిందే.

ఇక మన దగ్గర సంగతి. మా ఇంటికి దగ్గర్లో ఒక పార్కు ఉంది. బైకులు లోపలికి రాకుండా గేటు దగ్గర ఇనప గొట్టాలు అడ్డంగా, వంకరగా పాతారు. బైకులు ఆగాయి, మంచిదే. కానీ రోజూ ఆ దారిన వచ్చే ఒకాయన మూడు చక్రాల బండి కూడా ఆగిపోయింది. ఆయన గేటు బయటే నీడ చూసుకుని కూర్చుంటాడు, తెలిసినవాళ్లు బయటికొచ్చి మాట్లాడి వెళ్తారు. కట్టినవాళ్లకి ఆయన మీద కోపమేం లేదు, ఆయన గుర్తు రాలేదు. నాకు బాధగా ఉన్నది అదే.

విజయవాడలో సైకిల్ ట్రాకులు వేయాలని మీ పత్రికే చాలాసార్లు రాసింది, నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. అయితే ఈసారి రాసేటప్పుడు ఒక మాట చేర్చండి. ట్రాకు వెడల్పు, గేటు సందు, కాలిబాట ఎక్కే వాలు, ఇవన్నీ రెండు చక్రాల సైకిల్ పెట్టి కాకుండా మూడు చక్రాల బండిని అక్కడికి తెచ్చి, అందులో మనిషిని కూర్చోబెట్టి, నడిపించి చూసి కొలవమనండి. సవరణ వేసేటప్పుడు పిల్లల పేజీలో ఫార్‌ఫ్లర్ బండి బొమ్మ కూడా వేయండి, ఆ బొమ్మ ఇప్పటికీ దొరుకుతుంది.

— రిటైర్డ్ సైన్సు టీచరు, సత్యనారాయణపురం, విజయవాడ