పతనంలో ఫండ్లను పోల్చే తీరు

సంపాదకులకు నమస్కారం.

మార్కెట్ పడినప్పుడు షేర్లను తానే ఎంచి కొనే యాక్టివ్ ఫండ్ మేనేజరే కాపాడతాడని ఏజెంట్లు చెప్పే మాటను సగమే నమ్మాలి. 2020 జనవరిలో 12,300 దాటిన షేర్ల సూచీ నిఫ్టీ మార్చి 23న 7,610 వద్ద ముగిసినప్పుడు, నా రెండు మ్యూచువల్ ఫండ్ల (ఒకటి యాక్టివ్ ఫండ్, ఇంకొకటి సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్) స్టేట్‌మెంట్లను పక్కపక్కన పెట్టి చూశాను. కొంత సొమ్మును నగదుగా ఉంచుకున్న యాక్టివ్ ఫండ్ కాస్త తక్కువే పడింది. అయితే ఆ నగదును మార్కెట్ కోలుకునే వేళకు తిరిగి షేర్లలో పెట్టకపోవడంతో, ఏడాది చివరికి ఇండెక్స్ ఫండ్ కంటే వెనకబడింది. నష్టాల్లోనూ నిర్వహణ ఖర్చు రోజూ ఎన్‌ఏవీ (ఫండ్ ఒక్కో యూనిట్ విలువ) లోంచి కోతపడుతూనే ఉంది. డివిడెండ్లు కలిపిన సూచీతోనే పనితీరును పోల్చాలన్న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన 2018 నుంచి అమల్లో ఉంది. పత్రికలు సైతం పడిన నెలనే కాక, పడి లేచిన మొత్తం కాలపు రాబడిని ఆ సూచీ పక్కనే ప్రచురించాలని కోరుతున్నాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు