బాలింత ఉద్యోగినులకు ఇంటి నుంచి పని చేసే వీలు గురించి కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల సెలవుతో పాటు, పని స్వభావం అనుమతిస్తే ఆ తరువాత కూడా, యజమానితో పరస్పర అంగీకారం మేరకు, ఇంటి నుంచి పని చేసే వీలును ప్రస్తావించింది. అంగీకారమన్న ఆ ఒక్క మాట దగ్గరే మాలాంటి వాళ్లం ఆగిపోతున్నాం. ఏడు నెలల పాపను మా అమ్మకు అప్పగించి ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లివస్తున్న నేను, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తానని రాతపూర్వకంగా అడిగితే, కారణమైనా చెప్పకుండా నోటిమాటతో కాదన్నారు. (కరోనా కాలంలో ఇదే పనిని నెలల తరబడి ఇంటి నుంచే చేశాను.) ఇటువంటి అభ్యర్థనకు సంస్థలు నిర్ణీత గడువులోగా, కారణాలతో సహా, లిఖితపూర్వకంగా జవాబివ్వాలని మీరు ఉత్తర్వు జారీ చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉద్యోగిని, హైదరాబాద్