స్కానింగ్ రిపోర్టులో ఫిబ్-4 విలువ కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారాలు.

పొద్దున్నే పత్రిక మడతలో వచ్చే కరపత్రాల్లో, రాయితీ ధరకు పూర్తి శరీర పరీక్షలంటూ ఒక్కటైనా లేని వారం ఈ మధ్య కనపడడం లేదు. అలాంటి కరపత్రం చూసే నేనూ మా ఆవిడా కిందటి నెల నగరంలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు వెళ్లాం. నా పొట్ట స్కానింగ్ రిపోర్టు చివర రెండు వాక్యాలున్నాయి. కాలేయంలో గ్రేడ్ 1 కొవ్వు ఉందన్నది మొదటిది. క్లోమం (ప్యాంక్రియాస్) మామూలు కంటే తెల్లగా కనిపిస్తోందనీ, పేగుల్లోని గ్యాస్ అడ్డం వల్ల దాని తోక భాగం కనపడలేదనీ రెండోది. కౌంటర్‌లోని అమ్మాయి కవరు అందిస్తూ, ‘‘గ్రేడ్ వన్నే కదా అంకుల్, ఇప్పుడు అందరికీ ఉంటోంది’’ అంది. మందు వాసన కూడా ఎరగని నాకు లివర్ జబ్బేమిటని ఇంట్లో రెండు రోజులు చర్చ నడిచింది.

తర్వాత వైద్యుడి దగ్గర కూర్చున్నప్పుడు తెలిసిన విషయం ఒకటి మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం. గ్రేడ్ అన్నది స్కానింగ్‌లో కాలేయం ఎంత తెల్లగా కనిపించిందో చెప్పే అంచనా మాత్రమే. కాలేయం గట్టిపడి లోపల మచ్చ కడుతోందా లేదా అన్నది అందులో తేలదు. ఫైబ్రోసిస్ అనే ఆ మచ్చే ముందుముందు ప్రాణం మీదకు తెస్తుంది. దాని మొదటి అంచనాకు కొత్త పరీక్షేదీ అక్కర్లేదు, కాలేయం కోసం మామూలుగా చేసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రక్తపరీక్షలు, ప్లేట్‌లెట్ల లెక్క చాలు. వయసును ఎస్‌జీఓటీ విలువతో హెచ్చవేసి, ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో హెచ్చవేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఫిబ్-4 అనే విలువ వస్తుంది. అది 1.3 లోపు ఉంటే మచ్చ ముదిరి ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే కాలేయ నిపుణుణ్ని కలవాలి. 65 దాటినవారికి కింది హద్దును 2గా తీసుకుంటారు, 35 లోపు వయసువారికి ఈ లెక్క అంతగా నప్పదు.

నా వయసు 58, ఎస్‌జీఓటీ 42, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు. లెక్కిస్తే 1.66 వచ్చింది. రెండు హద్దుల మధ్య పడింది కాబట్టి కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించారు, 6.1 కిలోపాస్కల్స్ చూపించింది. 8 లోపు ఉంది గనుక ప్రస్తుతానికి భయం లేదన్నారు. అంటే కౌంటర్ అమ్మాయి మాట నిజమే అయింది, కాకపోతే అది తెలిసి అన్న మాట కాదు. దీనికి పూర్తి భిన్నంగా, బీచ్ రోడ్డులో నాతో నడిచే మిత్రుడొకరు తన గ్రేడ్ 3ను చివరి దశ అనుకుని, ఎవరో చెప్పారని రోజూ తిప్పతీగ కషాయం తాగడం మొదలుపెట్టారు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను కోవిడ్ కాలంలో మన దేశపు వైద్యులే బయటపెట్టారు. ఆయన ఫిబ్-4 చూస్తే 1.3 లోపే ఉంది.

ఇక క్లోమం తెల్లగా కనిపించడమంటే సాధారణంగా అందులోనూ కొవ్వు చేరినట్టే, దానికి ప్రత్యేకించి మందు లేదు. కాలేయంలో పేరుకుని పొంగిన కొవ్వు క్లోమానికి చేరి ఇన్సులిన్ తయారీని మందగింపజేస్తుందని, బరువు తగ్గితే టైప్ 2 మధుమేహులలో అది మళ్లీ పుంజుకోగలదని బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ టేలర్ బృందం చూపించింది. క్లోమం నుంచి పోయిన కొవ్వు సగటున 0.6 గ్రాములేనట! అయితే క్లోమం తెల్లబడడం వేరు, క్లోమం వాయడం వేరు. రెండోదానికి పిత్తాశయంలో రాళ్లు, మద్యం ముఖ్య కారణాలు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు 1000 దాటినా ఆ ముప్పు ఉంది. పై కడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, వాంతులతో వస్తే గ్యాస్ బిళ్లతో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాకు రాసిన వైద్యం చాలా సాదా. ఉన్న బరువులో 7 నుంచి 10 శాతం తగ్గాలి, 78 కిలోల నాకు అది అయిదున్నర నుంచి దాదాపు ఎనిమిది కిలోలు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక. సాయంత్రం పునుగులు, మూడు పూటలా చక్కెర కాఫీ, మద్యం బదులని తాగే కూల్‌డ్రింకులు మానాలి. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ, అన్నం కడుపునిండా తిని పైన అదీ తాగితే తగ్గేదేమీ లేదు, నేనే మూడు వారాలు అలా చేసి చూశాను. సన్నగా ఉన్నవారికీ ఇది రాదని లేదు కాబట్టి నడుము కొలత చూసుకోవాలి, మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు.

మద్యంతో సంబంధం లేని ఫ్యాటీ లివర్‌ను కేంద్ర ప్రభుత్వం 2021లోనే అసాంక్రమిక వ్యాధుల నివారణ కార్యక్రమంలో చేర్చింది. బీపీ, షుగర్ చూసే మన నగరంలోని పట్టణ ఆరోగ్య కేంద్రాలలో టేపుతో నడుము కొలవడం, ఫిబ్-4 లెక్క కట్టడం కూడా అలవాటు చేయాలని జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ప్రైవేటు ల్యాబులకైతే ఇందులో అదనపు ఖర్చే లేదు. నా రిపోర్టులో ప్లేట్‌లెట్లు రెండో పేజీలో, ఎస్‌జీఓటీ నాలుగో పేజీలో, స్కానింగ్ ఏడో పేజీలో ఉన్నాయి. వాటిని కలిపి లెక్కకట్టి ఏడో పేజీ అడుగున ఒక్క పంక్తి అచ్చువేస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం