థర్మకోల్ గాలిమరలతో పర్యావరణ పాఠమా?

సంపాదకులకు నమస్కారం.

విజ్ఞాన ప్రదర్శన గురించి గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తను, ఫొటోను చూసినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు సౌర, పవన విద్యుత్తుపై తెచ్చిన నమూనాలను అధికారులు మెచ్చుకున్నారని రాశారు. పిల్లల ఉత్సాహాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ బల్లల మీది గాలిమరలు చాలావరకు థర్మకోల్‌తో చేసినవే. మట్టిలో కలవని సరుకుతో పర్యావరణ పరిరక్షణ నేర్పుతున్నామని చెప్పుకోవడానికి ఎవరికీ సంకోచం కలగకపోవడం నన్ను బాధించింది.

ఏడాది మధ్య మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. గడువు దగ్గర పడగానే తల్లిదండ్రులు హనుమకొండ చౌరస్తాలోని దుకాణాల ముందు చార్టుల కోసం, థర్మకోల్ షీట్ల కోసం నిలబడడం ఏటా చూస్తున్నదే. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి సౌరశక్తి ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్‌లో తీయించిన నాలుగు ప్రింట్లు, వాటికి వేసిన అట్ట. ఆ బడి స్లాబు మీదే సోలార్ ప్యానెళ్లు దుమ్ము పట్టి ఉన్నాయి. పిల్లలను ఒక్కసారైనా పైకి తీసుకెళ్లి చూపించాలని ఎవరికీ తోచలేదు.

ఈ వయసు పిల్లలకు ఖరీదైన ల్యాబు అక్కర లేదు. బడి కరెంటు మీటరు రీడింగును రోజూ ఉదయం, సాయంత్రం రాసుకుంటే ఎన్ని యూనిట్లు కాలాయో వాళ్లే తేల్చగలరు. 75 వాట్ల పాత ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 0.6 యూనిట్ ఖర్చవుతుందని, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల కొత్త రకం (బీఎల్‌డీసీ) ఫ్యానుకు 0.24 యూనిట్ సరిపోతుందని లెక్కగట్టిన పిల్లవాడు ఇంటికెళ్లి ఊరుకోడు. ఒక చిన్న ప్యానెలు, కరెంటు కొలిచే ఒక మల్టీమీటరు ఇస్తే దుమ్ము తుడవకముందు ఎంత కరెంటు వస్తోందో, తుడిచాక ఎంత వస్తోందో, ఒక మూల చెయ్యి అడ్డం పెడితే ఎంత పడిపోతోందో వాళ్లే కొలుస్తారు. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది కాబట్టి ఇక్కడ ప్యానెళ్లను దక్షిణం వైపు, ఇంచుమించు అంతే వాలుతో బిగిస్తారు. ఎందుకలాగో బడి ఆవరణలో నిలువుగా పాతిన కర్రతోనే చూపవచ్చు. చలికాలం మధ్యాహ్నాల్లో సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి ఉత్తరానికి పొడవుగా పడే నీడ జూన్‌లో దక్షిణానికి తిరుగుతుంది, జూలై నెలాఖరులో ఒక మధ్యాహ్నం దాదాపు మాయమవుతుంది. మబ్బు లేకుంటే అంతకు మించిన పాఠం ఏ చార్టులోనూ దొరకదు.

వంద చదరపు మీటర్ల స్లాబు మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే వెయ్యి లీటర్ల నీళ్లు. కాకతీయులు పాకాల, రామప్ప చెరువులు కట్టించిన ఈ నేల మీద, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండానే పిల్లలు ఎనిమిదో తరగతి దాటుతున్నారు. మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు ఎండుటాకులతో కలిపి ఎరువు చేయడానికి ఒక గుంత చాలు.

కాజీపేటలో రైలెక్కితే రామగుండం దూరమేమీ కాదు. అక్కడ 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రం సింగరేణి బొగ్గును కాలుస్తుంటే, ఆ కేంద్రం జలాశయం మీదే 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు ఉంది. బొగ్గునూ ఎండనూ ఒకేచోట పోల్చి చూసే అవకాశం ఎన్ని జిల్లాల పిల్లలకు ఉంటుంది? అయినా విహారయాత్ర అంటే మనవాళ్లకు హైదరాబాద్ తప్ప మరో ఊరు గుర్తుకు రాదు.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవారి దగ్గర పని నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మొక్క నాటిన రోజు ఫొటో అడిగే అధికారులు అది బతికిందో లేదో ఆరు నెలల తర్వాత ఎందుకు అడగరు? సర్వేలు, ఎన్నికల పనులు, ఆన్‌లైన్ నివేదికల మధ్య నలిగిపోయే టీచర్లను మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. పైనుంచి ఏది అడిగితే కింద అదే జరుగుతుంది.

కనుక జిల్లా విద్యాశాఖకు నా విన్నపం ఒక్కటే. ప్రాజెక్టు పనిని బడిలోనే, బడి వేళల్లోనే చేయించాలి. థర్మకోల్‌ను పూర్తిగా నిషేధించాలి. మార్కులను నమూనా అందానికి కాక, పిల్లలు స్వయంగా కొలిచి రాసుకున్న నోటుబుక్కుకు ఇవ్వాలి. వచ్చే విద్యా సంవత్సరం మొదటి ఫార్మేటివ్ పరీక్షకు ముందే ఈ ఆదేశం ప్రతి బడికీ చేరాలి.

– ఒక విద్యార్థిని తండ్రి, హనుమకొండ