చూరు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీలు హాయిగా కబుర్లు రాసి, చివర్లో ఒక్క వాక్యంతో నిద్ర చెడగొట్టావు: "కూలుతుందని తెలిసీ కొండ మీద ఇల్లు కట్టుకున్నవాళ్లను ఖాళీ చేయిస్తే సరిపోదా?" రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. తర్వాత గుర్తొచ్చింది, చాలా ఏళ్ల క్రితం ఇదే మాట నీతో వాదించింది నేనే. కాబట్టి సరిదిద్దే పూచీ కూడా నాదే.

వాన పడితే కొండ కూలుతుందని అంటాం. అది సగం నిజమే. చిన్నప్పుడు పిచ్చుక గూళ్లు కట్టేవాళ్లం కదా. పొడి ఇసుక నిలవదు, కాస్త చెమ్మ ఉంటే నిలుస్తుంది, నీళ్లు ఎక్కువైతే జారిపోతుంది. వాలు మీది మట్టిదీ ఇదే తీరు. రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ పట్టు సడలుతుంది. ఆ నీరంతా నేరుగా ఆకాశం నుంచే రావాలని లేదు. చూరు నుంచి కారేది, స్నానాల నీళ్లు, మరుగుదొడ్డి గుంతలోంచి ఇంకేది, పగిలిన పైపులోంచి రాత్రింబవళ్లు ఊరేది, అన్నీ ఆ మట్టిలోకే. బస్తీకి కుళాయి ఇచ్చి కాలువ ఇవ్వడం మరిచిపోతారు చూడు, అక్కడ వానాకాలం రాకముందే వాలు సగం నాని ఉంటుంది. ఇంటి జాగా కోసం దాన్ని నిలువుగా తవ్వడం మరో దెబ్బ.

కరీబియన్ ద్వీపం సెయింట్ లూసియాలో 2004 నుంచి చేసిన పని గురించి చదివాక నా వాదన మూలపడింది. ఇంజినీర్లు బస్తీవాళ్లతో కలిసి వాలంతా నడిచారు. ఏ మూల ఊట వస్తుందో, ఏ గోడ బీటలు వారిందో అక్కడ ఉండేవాళ్ల కంటే ఎవరికి తెలుసు? వాళ్లు చెప్పినదాన్నీ పటంలోకి ఎక్కించి, వాలుకు అడ్డంగా కాలువలు తీశారు, చూర్లకు దోనెలు, ఇంటి నీళ్లకు పైపులు పెట్టారు. కూలి పని కూడా బస్తీవాళ్లకే దక్కింది. 2010లో టోమస్ తుపాను ఆ ద్వీపాన్ని అతలాకుతలం చేసినప్పుడు, కాలువలు వేసిన బస్తీల్లో కొండచరియలు విరిగిపడలేదు.

అదే సొమ్ముతో పెద్ద గోడ కట్టి రిబ్బను కత్తిరిస్తే ఫోటో బాగా వచ్చేదనుకో! నీరు బయటికి పోయే రంధ్రాలు లేని గోడ వెనక నీరు చేరితే, ఆ గోడే ఇళ్ల మీద పడుతుంది.

అయితే కాలువ తీసి ఊరుకోవడం కూడా పాపమే. పైనుంచి వేగంగా దిగిన నీరు కింది బస్తీని ముంచుతుంది. కింద కాలువలో ప్లాస్టిక్ సంచులు, పూడిక, దాని మీదే కట్టిన గదులు. చెత్త బండి రాని వీధిలో చెత్త కాలువలోకే పోతుంది. అందుకే వరద సంగతి చూడాలంటే చెత్త సంగతీ చూడాలి. వానలకు ముందు పూడిక తీయడంలో ఏ ఘనతా కనిపించదు, అందుకే దాన్ని వాయిదా వేస్తారు.

ఇక ఖాళీ చేయించడం. నీ మాట పూర్తిగా తప్పు అనను. సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో 2017 ఆగస్టు 14న ఒక పెద్ద కొండవాలే జారింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. అంత లోతుగా కదిలే కొండను దోనెలు, చిన్న కాలువలు ఆపలేవు. అలాంటి చోటు నుంచి మనుషులు కదలాల్సిందే. కానీ ఎక్కడికి? పనికి నడిచి వెళ్లగల దూరంలో చోటు చూపకపోతే, ఆరు నెలల్లో మరో వాలు మీద పాక వేసుకుంటారు. కూలి డబ్బులు బస్సుకే పోతుంటే నువ్వయినా అంతే చేస్తావు.

హాంకాంగ్‌లో 1972 జూన్ 18న ఒక్క రోజే రెండు చోట్ల కొండచరియలు పడి 138 మంది చనిపోయారు. 1976లో మళ్లీ కూలాక, 1977లో వాలుల పర్యవేక్షణకే ఒక ప్రత్యేక ప్రభుత్వ కార్యాలయం పెట్టారు. వానను బట్టి ముందస్తు హెచ్చరికలూ మొదలుపెట్టారు. హెచ్చరిక మంచిదే, కానీ అర్ధరాత్రి సైరన్ మోగితే మంచం దిగలేని ముసలమ్మను ఎవరు ఎత్తుకెళ్లాలో పగలే తేల్చుకోవాలి. ఈ ఒక్క విషయం మీద నీతో పోట్లాడటానికైనా సిద్ధం.

చేయి నొప్పి పుడుతోంది. జవాబు రాసే ముందు ఒకసారి బయటికి వెళ్లి, మీ ఇంటి చూరు నీళ్లు ఎవరి గోడ కిందికి పోతున్నాయో చూసి రాయి.

నీ
పాత వాదనల మిత్రుడు